జనవరి 25 పక్కనే జనవరి 26: మన హాల్లో విచ్చుకున్న జెండా, మన పిల్లలు చదవలేని పీఠిక

మొన్న సోమవారం జనవరి 26. వేలూరు నేతాజీ స్టేడియంలో ఏటా జరిగే కవాతు, కలెక్టరు గారి చేతి మీదుగా పతాకావిష్కరణ, బడిపిల్లల ఆటపాటలు మీలో చాలామంది చూసే ఉంటారు. వెళ్ళలేనివాళ్ళు మరునాడు పేపర్లో ఫోటో అయినా చూసి ఉంటారు. వాటి గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. అదే రోజు ఉదయం ఎనిమిది గంటలకు మన సంఘం హాల్లో జరిగిన చిన్న కార్యక్రమం గురించే నాలుగు మాటలు రాయాలనిపించింది.

వచ్చినవాళ్ళు నలభై మందికి లోపే. అందులో సగం అరవై దాటినవాళ్ళం. ఈసారి ఉపన్యాసాలు తగ్గించి, రాజ్యాంగ పీఠికను తెలుగులో ఒక పిల్లవాడి చేత చదివిద్దామని ముందే అనుకున్నాం. గుడియాత్తం నుంచి తాతగారితో వచ్చిన ఏడో తరగతి అబ్బాయి లేచి నిలబడి, జేబులోంచి కాగితం తీసి చదివాడు. గొంతు బాగుంది, భయం లేదు. కానీ మొదటి మాట 'భారత' అనవలసిన చోట 'పారద' అన్నాడు. తరువాత 'ధ' వచ్చిన ప్రతిచోటా 'త' పలికాడు. వెనక వరసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేను కాగితం చూశాను. తెలుగు మాటలన్నీ తమిళ అక్షరాల్లో రాసి ఉన్నాయి. ఆ లిపిలో ప, ఫ, బ, భ నాలుగింటికీ ఒకటే అక్షరం. అబ్బాయి కాగితంలో ఉన్నది ఉన్నట్టే చదివాడు.

కాఫీల దగ్గర వాళ్ళ తాతగారు నా పక్కకు వచ్చి, "సెక్రటరీ గారూ, వాడు ఇంట్లో తెలుగే మాట్లాడతాడండీ. వాళ్ళ అవ్వతో పోట్లాడేదీ తెలుగులోనే. రాత ఒక్కటే రాదు. నేర్పే బడి ఉంటే కదా!" అన్నారు. నా దగ్గర జవాబు లేకపోయింది.

చలికాలం వస్తే మన సంఘాలకు చేతినిండా పని. నవంబరు 26న రాజ్యాంగ దినం. డిసెంబరు 15న అమరజీవి పొట్టి శ్రీరాములు గారి వర్ధంతి. జనవరి 3న వీరపాండ్య కట్టబొమ్మన్ జయంతి, అదే రోజు శివగంగ రాణి వేలు నాచియార్ జయంతి కూడా. 23న నేతాజీ, 26న గణతంత్రం, 30న గాంధీజీ. ఆ 30వ తేదీనే 1832లో కండి చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహుడు మన వేలూరులో బందీగా ఉంటూ చనిపోయాడు. ఆయనా నాయకర్ల వంశమే. పాలారు ఒడ్డున ముత్తు మండపం దగ్గర ఆయన సమాధికి దండ వేసి వచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. దండలు, శాలువాలు, ఫోటోలు, వాట్సాప్ గ్రూపులో శుభాకాంక్షలు అన్నీ సవ్యంగానే నడుస్తున్నాయి. ఇంతమందిని తలుచుకుంటున్న మనం, మనకు పేరు పెట్టి హక్కు రాసిచ్చిన ఆ రాజ్యాంగంలో ఏముందో మాత్రం విప్పి చూడటం లేదు. మన కార్యదర్శులం కూడా చూడటం లేదు. ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

ముందుగా 26కి ఒక రోజు వెనక్కి వెళ్ళాలి. తమిళనాడులో జనవరి 25 మొళిప్పోర్ త్యాగుల దినం, అంటే భాషాపోరాటంలో ప్రాణాలిచ్చినవారి రోజు. ద్రావిడ పార్టీలన్నీ ఆ రోజు సభలు పెడతాయి. ఈ ఏడాది అసెంబ్లీ ఎన్నికలు దగ్గర పడుతున్నాయి కాబట్టి మైకులు ఇంకొంచెం ఎక్కువే మోగుతాయి. మన ఇళ్ళలో చాలామంది 'అది వాళ్ళ సంగతి' అని తలుపు వేసుకుంటారు. నా అభిప్రాయంలో అది పొరపాటు. మన సంగతి అర్థం కావాలంటే ఆ రోజు ఎందుకు వచ్చిందో తెలియాలి.

రాజ్యాంగం 343వ అధికరణం హిందీని కేంద్రం అధికార భాషగా చేసి, ఇంగ్లీషును 15 ఏళ్ళ పాటు ఉంచవచ్చంది. రాజ్యాంగం అమలైంది 1950 జనవరి 26న. పదిహేనేళ్ళు కలిపితే 1965 జనవరి 26. అంటే గడువు సరిగ్గా గణతంత్ర దినం నాడే తీరింది. అణ్ణాదురై గారు ఆ రోజును సంతాప దినంగా ప్రకటించి, గణతంత్ర దినాన్ని అవమానించినట్టు కాకూడదని ఒక రోజు ముందుకు, 25కి జరిపారు. అంతకు సరిగ్గా ఏడాది ముందు, 1964 జనవరి 25న, తిరుచ్చిలో చిన్నసామి అనే యువకుడు నిప్పంటించుకుని చనిపోయాడు. ఇంకా వెనక్కి వెళితే 1939లో మద్రాసు జైలులో నటరాజన్, తాళముత్తు ఉన్నారు. 1965లో విద్యార్థులు వీధికెక్కారు, కాల్పులు జరిగాయి, ఫిబ్రవరి 11న ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి గారు రేడియోలో మాట్లాడి ఇంగ్లీషు కొనసాగుతుందని మాట ఇచ్చారు. నాకప్పుడు ఐదేళ్ళు. నాన్న కొట్టు చెక్కలు దించేసి, మమ్మల్ని ఇంట్లోంచి కదలనివ్వకపోవడం ఒక్కటే గుర్తుంది. రెండేళ్ళకే, 1967లో, ప్రభుత్వం మారిపోయింది. అప్పటినుంచి ఈ రాష్ట్ర రాజకీయం ఆ రోజు నుంచే లెక్క మొదలుపెడుతుంది.

దీనికి పన్నెండేళ్ళ ముందు జరిగింది మన కథ. శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న మైలాపూరులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో నిరాహారదీక్షకు కూర్చున్నారు. 58 రోజులకు, డిసెంబరు 15 రాత్రి, కన్నుమూశారు. నాలుగు రోజుల్లో నెహ్రూ గారు ఆంధ్ర రాష్ట్రం ఇస్తామన్నారు. 1953 అక్టోబరు 1న అది ఏర్పడింది. తరువాత సరిహద్దుల పంచాయితీ పటాస్కర్ గారి దగ్గరికి వెళ్ళి, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ఇటు వచ్చింది, కొన్ని ఊళ్ళు అటు వెళ్ళాయి. వేలూరు, గుడియాత్తం మొదటినుంచీ ఇటువైపే ఉన్నాయి. నిజానికి 1911లో చిత్తూరు జిల్లా కట్టినప్పుడే ఉత్తర ఆర్కాడు నుంచి తెలుగు తాలూకాలను విడదీశారు. గుడియాత్తం నుంచి పరదరామి దాటితే చిత్తూరు జిల్లా. కౌండిన్య నది పలమనేరు వైపు నుంచి మన ఊళ్ళోకి వస్తుంది, దానికి గీత తెలియదు. గీత గీసినవాళ్ళకు మాత్రం, గీతకు రెండువైపులా మిగిలిపోయే జనం ఉంటారని తెలుసు. అందుకే 1956లో ఏడో సవరణతో రాజ్యాంగంలోకి రెండు అధికరణాలు చేర్చారు.

ఒకటి 350ఏ. భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చేయడానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని అది చెబుతుంది. రెండోది 350బి. భాషా మైనారిటీలకు ఇచ్చిన రక్షణలు అమలవుతున్నాయో లేదో చూసి రాష్ట్రపతికి నివేదిక ఇవ్వడానికి ఒక ప్రత్యేక అధికారి ఉండాలంటుంది. ఆ కమిషనర్ కార్యాలయం 1957 నుంచి ఉంది. తమ భాషను, లిపిని కాపాడుకునే హక్కు ఇచ్చిన 29, సొంత విద్యాసంస్థలు పెట్టుకునే హక్కు ఇచ్చిన 30 మొదటినుంచీ ఉన్నవే. 29లో 'లిపి' అనే మాట విడిగా ఉందని గమనించండి. ఆ అబ్బాయి కాగితం చూసిన తరువాత ఆ మాట నాకు ఇంకోలా కనిపిస్తోంది.

ఇక్కడే జనవరి 25, డిసెంబరు 15 కలుస్తాయి. ఇంట్లో మాట్లాడే భాష బడిలోనూ, కచేరీలోనూ ఉండాలన్న ఒకే కోరిక కోసం అక్కడ తమిళులు, ఇక్కడ తెలుగువారు ప్రాణాలిచ్చారు. కాబట్టి మన కోరికను అందరికంటే బాగా అర్థం చేసుకోగలిగింది తమిళులే. వాళ్ళ దగ్గరికి మనం మెహర్బానీ అడిగినట్టు వెళ్ళకూడదు, తగాదాకు వెళ్ళినట్టూ వెళ్ళకూడదు. 25న మన సంఘం ప్రతినిధి కూడా వెళ్ళి ఒక పూలదండ వేసి రావాలని కమిటీలో నేను ప్రతిపాదించాను. ఇద్దరు గట్టిగా వద్దన్నారు. "మనం వెళితే మన కోరిక పలచబడుతుంది" అన్నారు ఒకరు. ఆయన మాటలో కొంత నిజం ఉంది. అయినా నా ప్రతిపాదనను నేను వెనక్కి తీసుకోలేదు. వచ్చే ఏడాది మళ్ళీ పెడతాను.

విప్లవ చరిత్ర అంటే మన సభల్లో నడిచే తంతు ఒకటి ఉంది. ఫలానా వీరుడు తెలుగువాడే అని నిరూపించడం. కట్టబొమ్మన్ ఇంటి భాష తెలుగు. 1801లో ఉరికంబమెక్కిన విరుపాచ్చి గోపాల నాయకర్‌దీ తెలుగే. మన కోట కట్టినది చిన్న బొమ్మి నాయకుడు. విజయనగర చివరి రాయలు ఇక్కడినుంచి ఏలబట్టే మన పెద్దలు 'రాయవేలూరు' అన్నారు. ఇవి నిజాలే, చెప్పుకోవడంలో తప్పు లేదు. అయితే ఈ మధ్య ఇది కులం దాకా దిగింది. ఒక్కొక్క వీరుడికి ఒక్కొక్క సంఘం, ఒక్కొక్క ఫ్లెక్సీ. ఎవరి ఫ్లెక్సీ పెద్దదన్న పోటీ. మన ఊరి చరిత్రలో అన్నిటికంటే పెద్ద సంఘటన ఏ కులం సంఘానికీ పనికిరాదు కాబట్టి అది అనాథగా మిగిలింది. నేను చెప్పేది 1806 గురించి.

వచ్చే జూలై 10కి వేలూరు సిపాయిల తిరుగుబాటుకు 220 ఏళ్ళు నిండుతాయి. 1857 కంటే అర్ధశతాబ్దం ముందు జరిగిన ఆ ఘటన ఒక తలపాగా దగ్గర మొదలైంది. మద్రాసు సైన్యాధిపతి సర్ జాన్ క్రాడక్ కొత్త నిబంధనలు తెచ్చాడు. కవాతుకు వచ్చే సిపాయిలు నొసట బొట్టు, నామం, విభూతి పెట్టుకోకూడదు. చెవిపోగులు ఉండకూడదు. గడ్డాలు తీసేయాలి, మీసాలు ఒకే కొలతలో ఉండాలి. టోపీలాంటి కొత్త తలపాగా పెట్టుకోవాలి, దాని మీద తోలుతో చేసిన బిళ్ళ. మే నెలలోనే వేలూరులో కొందరు సిపాయిలు ఆ తలపాగా పెట్టుకోబోమన్నారు. ఒక హిందువుకు, ఒక ముస్లింకు చెరో 900 కొరడా దెబ్బల శిక్ష పడింది. జూన్‌లో ముస్తఫా బేగ్ అనే సిపాయి కుట్ర జరుగుతోందని పై అధికారికి చెబితే, అతనికి పిచ్చెక్కిందన్నారు.

జూలై 9న కోటలో టిప్పు సుల్తాన్ కూతురి పెళ్ళి. 10 తెల్లవారకముందే తుపాకులు మోగాయి. కోట కమాండర్ కల్నల్ ఫాన్‌కోర్ట్‌తో సహా వందకు పైగా ఇంగ్లీషువాళ్ళు చనిపోయారు. కోట మీద టిప్పు జెండా ఎగిరింది. ఆర్కాడు నుంచి గిల్లెస్పీ గుర్రపు దళంతో వచ్చి కొన్ని గంటల్లోనే కోటను తిరిగి పట్టుకున్నాడు. లోపల చంపిన సిపాయిలు 350 మందికి పైనే అని ఒక లెక్క. 800 దాకా అని కొందరు చరిత్రకారుల లెక్క. సుమారు వందమందిని గోడకు నిలబెట్టి కాల్చారు. తరువాత టిప్పు కుటుంబాన్ని కలకత్తాకు పంపించేశారు. గవర్నర్ బెంటింక్‌ను, క్రాడక్‌ను లండన్ వెనక్కి పిలిపించింది. తలపాగా ఉత్తర్వు రద్దయింది.

ఆ సిపాయిలు ఎవరు? మద్రాసు సైన్యంలో తెలుగువారు ఎంత ఎక్కువగా ఉండేవారంటే ఉత్తరాదిన సిపాయి అనే మాటకే 'తిలంగా' అనే పేరు పడింది. వేలూరులో ఉన్న 23వ రెజిమెంటులో తిరునల్వేలి వైపు పాళెగాళ్ళ దగ్గర పనిచేసినవాళ్ళు కూడా చేరారని చరిత్రకారులు రాశారు. అంటే కట్టబొమ్మన్‌ను ఉరితీసిన ఏడేళ్ళకు, ఆ యుద్ధంలో ఓడిన పక్షం మనుషులు ఇక్కడ మళ్ళీ లేచారన్నమాట. వాళ్ళలో తమిళులు, తెలుగువారు, దక్కనీ ముస్లింలు కలిసి ఉన్నారు. జమేదార్ షేక్ ఖాసిం లాంటి కొద్ది పేర్లు తప్ప మిగతావి మనదాకా రాలేదు. మక్కాన్ కూడలిలో 1998లో కట్టిన స్తంభం ఉంది. 2006లో ద్విశతాబ్దికి తపాలా బిళ్ళ వేశారు. ఆ స్తంభం పక్కనుంచి మనం రోజూ బస్సులో వెళతాం.

ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది ఆ ఉత్తర్వు. రాజ్యం ఎవరిదన్న ప్రశ్న సిపాయిలకు ఉండి ఉండవచ్చు, లేకపోవచ్చు, పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. కానీ నొసటి బొట్టును, గడ్డాన్ని, చెవిపోగును ఒక్క కాగితం ముక్కతో తీసేయమన్నది మాత్రం రికార్డులో ఉంది. అందరూ ఒకే రకంగా కనిపిస్తే క్రమశిక్షణ బాగుంటుందని ఆఫీసరు అనుకున్నాడు. అలా అనుకునే ఆఫీసర్లు ఏ కాలంలోనైనా ఉంటారు. సర్వీసులో 34 ఏళ్ళు గుమాస్తాగా ఉండి అలాంటి సర్క్యులర్లు నేనే టైపు చేశాను. రాసినవాడికి దురుద్దేశం ఉండదు, ఎదుటివాడి ముఖం గుర్తుండదు, అంతే.

గుడియాత్తం సంగతి ఒకటి చెప్పకుండా ముందుకు పోలేను. 1954లో కామరాజ్ గారు ముఖ్యమంత్రి అయ్యాక శాసనసభకు వెళ్ళడానికి నిలబడిన ఉపఎన్నిక గుడియాత్తంలోనే. డి.ఎం.కె. కూడా ఆయనకే మద్దతు ఇచ్చింది. ఆ ఎన్నిక కబుర్లు మా నాన్నగారి తరం వాళ్ళు చచ్చేదాకా చెప్పుకున్నారు. రెండోది జెండా. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు ఎర్రకోట మీద ఎగిరిన జెండా మన మగ్గాల మీద నేసిందేనని గుడియాత్తంలో ఇప్పటికీ చెబుతారు. జెండా రూపాన్ని 1921లో బెజవాడలో గాంధీజీ చేతికి ఇచ్చినవారు పింగళి వెంకయ్య గారు. తెలుగువాడి ఊహ, తెలుగు నేతగాళ్ళు ఎక్కువగా ఉన్న ఊరి బట్ట అని మన సభల్లో చప్పట్లు కొడతాం. సరే, మొన్న మన హాల్లో కట్టిన జెండా ఏమిటి? పాలియెస్టర్. 2021 డిసెంబరులో పతాక నియమావళి మార్చి మిషను మీద చేసిన పాలియెస్టర్ జెండాకు అనుమతి ఇచ్చారు. చవకగా వస్తుంది, ఉతికితే ముడతలు పడదు. తెచ్చింది నేనే. మగ్గం నేసేవాళ్ళ బంధువులు హాల్లో నలుగురు కూర్చుని ఉండగా దాన్ని విప్పాను. వచ్చే ఆగస్టుకు ఖద్దరు జెండా కొంటాం, ఖర్చు నాది.

ఇంకో చిన్న మాట. ఆగస్టు 15న జెండాను కింది నుంచి పైకి ఎక్కిస్తారు. జనవరి 26న ముందే పైన మడిచి కట్టి, తాడు లాగి విచ్చుకునేలా చేస్తారు. దేశం అప్పటికే స్వతంత్రం కాబట్టి. మన ఊళ్ళో రెండు సంఘాలు రిపబ్లిక్ డే నాడు కూడా కింది నుంచే ఎక్కిస్తున్నాయి. కోపం తెచ్చుకోకుండా సరిచేసుకోండి.

ఇక బడి. నేను గుడియాత్తంలో ఐదో తరగతి వరకు తెలుగులోనే చదివాను. అప్పుడు మా తరగతిలో ముప్పై మందికి పైనే ఉండేవాళ్ళం. 350ఏ అమలుకు ఒక కొలత ఉంది. 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒప్పుకున్నది. ఒక బడి మొత్తంలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ భాష పిల్లలుంటే ఒక టీచరును ఇవ్వాలి. పాత కొలత, అయినా ఇప్పటికీ భాషా మైనారిటీల కమిషనర్ నివేదికలన్నీ దాన్నే పట్టుకుని నడుస్తాయి. మూడేళ్ళ క్రితం ఈ కొలత చూపించి ఒక కార్యాలయంలో అర్జీ ఇచ్చాం. అక్కడి ఉద్యోగి మర్యాదగానే, "పిల్లల పేర్లు, తల్లిదండ్రుల సంతకాలు తెండి సార్, ఫైలు కదులుతుంది" అన్నాడు. ఆ కుర్చీలో నేనున్నా అదే అనేవాణ్ణి.

మూడు వీధులు తిరిగాం. తెలుగు మాట్లాడే ఇళ్ళలో ఐదో తరగతి లోపు పిల్లలు 27 మంది లెక్క తేలారు. సంతకం పెట్టిన తల్లిదండ్రులు ఆరుగురు.

ఫైలు అక్కడే ఆగింది. ప్రభుత్వం మీద కోపగించడం సులువు, కానీ ఈ ఒక్క విషయంలో ఆపింది ప్రభుత్వం కాదు. సంతకం పెట్టనివాళ్ళ మీద కూడా నేను నింద వేయను. వాళ్ళు చెప్పిన కారణాలు చిన్నవి కావు. 2006 తమిళ అభ్యసన చట్టం ప్రకారం ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అవుతూ, 2016 నాటికి పదో తరగతి పరీక్షకు చేరింది. అప్పటినుంచి మైనారిటీ భాషల పిల్లలు మినహాయింపు కోసం కోర్టు మెట్లు ఎక్కుతూనే ఉన్నారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా ఒక ఏడాదికే ఊరట ఇచ్చింది. ఉద్యోగాల్లో తమిళ మాధ్యమంలో చదివినవారికి 20 శాతం ప్రాధాన్యం ఉంది. 2021 చివరి నుంచి సర్వీసు కమిషన్ పరీక్షల్లో తమిళ అర్హత పేపరు తప్పనిసరి. వీటన్నిటి నడుమ ఒక తల్లి, "అన్నా, తెలుగు నేర్చుకుంటే వాడికి ఏ ఉద్యోగం వస్తుంది?" అని అడిగితే నేనేం చెప్పను?

నా సొంత అభిప్రాయం చెబుతాను, సంఘం అభిప్రాయం అని అనుకోవద్దు. తమిళం వద్దు అనే అర్జీ మీద నేను సంతకం పెట్టను. ఈ నేల మీద నాలుగైదు వందల ఏళ్ళుగా బతుకుతున్నవాళ్ళం. తమిళం రాకుండా మన పిల్లవాడు ఇక్కడ ఏ పనీ చేయలేడు, చేయకూడదు కూడా. మనం అడగవలసింది తమిళంతో పాటు తెలుగు. బడి వేళల్లోనే వారానికి నాలుగు పీరియడ్లు, ఒక టీచరు, ఒక పుస్తకం. మినహాయింపు అడిగితే జనవరి 25 మనకు ఎదురు నిలుస్తుంది. తోడుగా తెలుగు అడిగితే అదే రోజు మన పక్షాన సాక్ష్యం చెబుతుంది. ఏటా కోర్టులో వాయిదాల మీద బతికే హక్కు కంటే పదిమంది పిల్లల సంతకాలతో దక్కే టీచరు నాకు మేలుగా కనిపిస్తున్నాడు. మద్రాసులో ఉన్న మన పెద్ద సంఘాల నాయకులు కొందరు దీన్ని ఒప్పుకోరని నాకు తెలుసు. వాళ్ళ అనుభవం వేరు.

సంతకాల మాట ఎందుకు ఎత్తానంటే, ఇంకో పెద్ద సంతకం ముందుంది. జనగణన. 2021లో జరగవలసింది కోవిడ్ వల్ల ఆగి, ఇప్పుడు 2027 మార్చి 1ని లెక్క తేదీగా పెట్టుకుని వస్తోంది. ఈ ఏడాది ఇళ్ళ లెక్క, 2027 ఫిబ్రవరిలో మనుషుల లెక్క. 2011 లెక్కలో తమిళనాడులో మాతృభాష తెలుగు అని చెప్పినవాళ్ళు సుమారు 42 లక్షలు, రాష్ట్ర జనాభాలో 5.87 శాతం. మన ఇళ్ళు చూసినవాళ్ళు ఎవరైనా ఇది తక్కువ లెక్క అంటారు. తక్కువ ఎందుకు వచ్చిందో కూడా మనకే తెలుసు. వచ్చిన టీచరమ్మ తమిళంలో అడుగుతుంది, మనం తమిళంలో జవాబు చెబుతాం. ఆవిడ తమిళం అని రాసుకుని పక్కింటికి వెళుతుంది. మనం ఫారం చూడం.

2011 ఫారంలో మాతృభాషకు ఒక గడి, తెలిసిన ఇతర భాషలకు ఇంకో గడి ఉన్నాయి. రెండో దాంట్లో రెండు భాషలు రాయవచ్చు. మాతృభాష తెలుగు అని చెప్పి, రెండో గడిలో తమిళం, ఇంగ్లీషు రాయించుకోవచ్చు. తమిళం పోతుందన్న భయం అక్కరలేదు. ఇంట్లో ప్రతి మనిషికీ విడిగా అడగాలి, ఇంటిపెద్ద భాషే అందరిదీ అని రాసేయకూడదు. కోడలు తమిళ ఇంటినుంచి వచ్చి ఉంటే ఆమె మాతృభాష తమిళమే, అలాగే రాయించండి, అబద్ధం వద్దు. జిల్లాలో గాని తాలూకాలో గాని ఒక భాషవాళ్ళు 15 శాతం ఉంటే ముఖ్యమైన ప్రకటనలు, నిబంధనలు ఆ భాషలో కూడా ఇవ్వాలన్న పాత ఒప్పందం ఉంది. గుడియాత్తం తాలూకా ఆ గీతకు అటో ఇటో తేల్చేది ఈ గడే.

2025 నవంబరు 26న ఢిల్లీలో రాష్ట్రపతి గారు రాజ్యాంగాన్ని తొమ్మిది భాషల్లో విడుదల చేశారు. అందులో తెలుగు ఒకటి. పాత తెలుగు అనువాదాలు ఇంతకుముందూ ఉన్నాయి గాని, ఇప్పుడు సెల్‌ఫోనులోనే చూసుకోవచ్చు. రాజ్యాంగం రాసినప్పుడు ముసాయిదా కమిటీలో మన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారు ఉన్నారు, సభలో దుర్గాబాయమ్మ గారు ఉన్నారు. కమిటీకి అధ్యక్షుడైన అంబేడ్కర్ గారి పేరే 1989 నుంచి కొన్నేళ్ళు మన జిల్లాకు ఉండేది, ఉత్తర ఆర్కాడు అంబేడ్కర్ జిల్లా అని. ఆ రోజుల్లో నేను ఆ పేరున్న లెటర్‌హెడ్ల మీద వేల కాగితాలు టైపు చేశాను.

అబ్బాయి కాగితం ఇప్పుడు నా బల్ల మీద ఉంది. తాతగారు రాసి ఇచ్చారట, ఆయనకు తెలుగు చదవడం వచ్చు, మనవడి కోసమే తమిళ అక్షరాల్లో రాశారు. ఆయన్నే అడిగాను, ఒప్పుకున్నారు. ఫిబ్రవరి 8, ఆదివారం ఉదయం పది గంటలకు సంఘం హాల్లో ఓనమాలు మొదలు. గుడియాత్తం పిల్లలకు అక్కడే ఒకరి ఇంటి వసారాలో, అదే రోజు సాయంత్రం నాలుగింటికి. పలకలు సంఘం ఇస్తుంది. ఫీజు లేదు. పెద్దవాళ్ళు కూడా కూర్చోవచ్చు, మా కమిటీలోనే ఇద్దరికి అవసరం ఉంది. ఎవరో చెప్పను.